ఇరవై ఒకటో అధ్యాయం

నాకూ మా తమ్ముడికీ ఒక నవల మీద తగువొచ్చింది. ఆంథొనీ బర్జెస్ రాసిన 'ఏ క్లాక్‌వర్క్ ఆరెంజ్' అది. కొట్లాటలూ దోపిడీలూ చేసే అలెక్స్ అనే కుర్రవాడి కథ.

"చివరికి వాడు మారతాడు" అంటాడు మా తమ్ముడు.

"మారడు. అసలు చదివావా?" అన్నాను.

"తెలుగు పాఠాలు చెప్పుకునే నీకు ఇంగ్లీషు నవలలెందుకన్నయ్యా?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. నెల రోజులు మాటల్లేవు.

ఆఖరికి మా ఆవిడే వాడి పుస్తకం తెప్పించి, నా పుస్తకం పక్కన పెట్టింది. వాడిది ఇంగ్లండులో అచ్చయిన ప్రతి, 21 అధ్యాయాలు. నాది కోఠీలో పేవ్‌మెంటు మీద కొన్న పాత అమెరికా ప్రతి, 20 అధ్యాయాలు. పేజీలేమీ చిరిగిపోలేదు. అచ్చువేసిందే అంత!

1962లో లండన్‌లో వెలువడిన ఈ నవలను, మరుసటి ఏడు న్యూయార్కులో ఆఖరి అధ్యాయం తీసేసి వేశారు. అలెక్స్‌కు 18 ఏళ్లు వచ్చి, కొట్లాటలంటే విసుగు పుట్టి, పెళ్లాం, కొడుకూ ఉంటే బాగుండుననిపించేది ఆ అధ్యాయంలోనే. మనిషి పెద్దవాడయ్యే వయసుకు గుర్తుగా బర్జెస్ 21 లెక్క పెట్టుకున్నాడు. అమెరికా పాఠకులకు ఆ అధ్యాయం 1986లో గాని దక్కలేదు.

ఇంగ్లండుకూ అమెరికాకూ స్పెల్లింగుల్లో తేడా ఉంటుందని తెలుసుగాని, ఒక కుర్రవాడి బతుకులోనే తేడా ఉంటుందనుకోలేదు.

తమ్ముడు వచ్చి కాఫీ తాగి వెళ్లాడు. నాకు మాత్రం మా క్లాసులో వెనక బెంచీ కుర్రవాడు గుర్తొస్తున్నాడు. వాడిక బాగుపడడని మొన్ననే వాళ్ల నాన్నతో చెప్పాను.

వాణ్ణి నేను ఎన్నో అధ్యాయం దాకా చదివానో!