వేగం వచ్చాక ఏం నేర్పాలి?

అమెరికాలో మనవాళ్ల ఇంట్లో ఆడపిల్ల సాఫ్ట్‌బాల్ పిచ్చర్ అయిందంటే తండ్రికి ఓ కొత్త ఆరాటం మొదలవుతుంది. ఫాస్ట్‌బాల్ కుదిరింది, ఇక తర్వాత ఏం నేర్పించాలి? కంచె పక్కన మడతకుర్చీలు వేసుకున్న నాన్నల్లో దీనిమీద నాలుగు పార్టీలున్నాయి: డ్రాప్, కర్వ్, రైజ్, ఛేంజప్. నాది చివరిది. మాకు ఓట్లు తక్కువ.

రైజ్‌బాల్ పార్టీకి జనాకర్షణ ఎక్కువ. బంతి బ్యాటర్ దాకా వచ్చి హఠాత్తుగా పైకి ఎగిరినట్టు కనిపిస్తుంది. అది కంటి భ్రమ. వెనక్కి గిర్రున తిరిగే బంతికి గాలి ఊతమిస్తుంది కనుక పడాల్సినంత పడదు, అంతే. ఆ తిరుగుడికి మణికట్టులో పదును, భుజంలో సత్తువ కావాలి. పదేళ్ల పిల్ల వేసే రైజ్ చాలాసార్లు ఎత్తుగా వచ్చిన మామూలు బంతే. డ్రాప్ నయం. ముందుకు తిరుగుతూ కిందికి దిగే ఆ బంతికి భూమి కూడా సాయం చేస్తుంది. కర్వ్ మీద నాకు పగ లేదు, తొందరా లేదు.

ఛేంజప్ సంగతి వేరు. హైస్కూల్లో పిచ్చర్‌కీ హోమ్ ప్లేట్‌కీ మధ్య దూరం 43 అడుగులు. ముందుకు అంగ వేసి వదులుతుంది కనుక బంతికి మిగిలేది ఇంకా తక్కువ. గంటకు 60 మైళ్ల బంతి అర సెకను లోపే వచ్చేస్తుంది. బ్యాటర్ ఆ లెక్కకు అలవాటు పడ్డాక అదే చేతి విసురుతో 45 మైళ్ల ఛేంజప్ వస్తే, బ్యాట్ ముందే తిరిగిపోతుంది. 2012లో 77 మైళ్ల వేగం నమోదు చేసిన పిచ్చర్ మోనికా అబాట్ కూడా ఛేంజప్‌ను వదులుకోలేదు.

కష్టమంతా ఆ ‘అదే విసురు’లోనే ఉంది. కొట్టబోయినట్టు చెయ్యెత్తి తల నిమరడం లాంటి పని. చెయ్యి కాస్త నెమ్మదించినా గుట్టు బయటపడుతుంది. “స్లోగా వేస్తే కొట్టేస్తారు కదా నాన్నా!” అని పిల్ల అడుగుతుంది. కొడతారు మరి. మొదట్లో కొన్ని నేలకు తగులుతాయి, కొన్ని క్యాచర్ తల దాటిపోతాయి, కొన్ని కంచె అవతల తేలతాయి. రెండు పరుగులు పోగానే కోచ్ ఆ బంతిని అడగడం మానేస్తాడు. మ్యాచ్‌లో వెయ్యని బంతి ఎన్నాళ్లు సాధన చేసినా చేతికి రాదు.

అందుకే ఏ బంతి నేర్పాలో తేల్చే ముందు, దాన్ని నేర్చుకుంటూ పిల్ల ఓడే మ్యాచ్‌లను నోరెత్తకుండా చూడగలమా అని పెద్దలు తమను తాము అడగాలి. చూడగలమనుకుంటే ఛేంజప్. లేదంటే ఈ సీజనంతా ఫాస్ట్‌బాల్‌నే గురి తప్పకుండా వెయ్యనివ్వడం మేలు.