పిడికెడు బియ్యం, క్యాస్ట్ సర్టిఫికెట్, మా నాయనమ్మ

కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి.

మాది చెన్నూరు దగ్గర ఊరు, నాయకపోడు కుటుంబం. నేను డిగ్రీ రెండో సంవత్సరం. మా బాపు, అవ్వ నేను పుట్టకముందే చర్చికి పోవుడు మొదలుపెట్టిండ్రు. నాయనమ్మ పోలేదు. ఆమె లక్ష్మీదేవర ఆమెకుంది, మా ప్రార్థన మాకుంది. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. ఇంట్ల దీనిమీద పెద్ద లొల్లి ఎప్పుడూ కాలేదు. లొల్లంతా బయటోళ్లదే. "క్రిస్టియన్ అయినంక ఇంకా ఎస్టీ ఎట్లయితవ్?" అని నన్ను అడిగినోళ్లు చాలామంది.

ముందు మా చర్చి సంగతి చెప్త. పెద్దగా ఊహించుకోకండి. రేకుల షెడ్డు, కింద చాపలు, ఒక డోలక్. పత్తి ఏరే రోజుల్లో సగం మంది ఆదివారం కూడా కూలికే పోతరు. కానీ మాకొక అలవాటుంది. రెండు పూటలా వంటకు బియ్యం కొలిచినప్పుడు ఆడవాళ్లు అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాల వేస్తరు. ఆదివారం తెచ్చి చర్చిల సంచిల గుమ్మరిస్తరు. పైసలు లేనోళ్లు కూడా ఇవ్వగలిగే కానుక ఇది. ఒక ఇంటి నుంచి వారానికి కిలో కూడా కాదు. మా ఇరవై ఇండ్లు కలిస్తే నెలకు అర క్వింటాలు దాటుతది. బాలింతలకు, మంచాన పడ్డోళ్లకు, ఒంటరి ముసలోళ్లకు పోతది. ఎవరికి ఎంత అనేది ఆడవాళ్లే తేలుస్తరు, నోటుబుక్కుల రాసుడు నా పని. ఒకసారి మీటింగు భోజనాలకు వాడుదామని ఎవరో అంటే మా అవ్వోళ్లు ఒప్పుకోలే. "తిండి లేనోళ్లకని తీసినం, మీటింగులకు కాదు" అన్నరు.

2022 జూలై యాదికుందా? గోదావరి, ప్రాణహిత రెండూ ఒక్కసారే పొంగినయి. 16 తారీఖున భద్రాచలం దగ్గర నీళ్లు 71 అడుగులు దాటినయి. మా దిక్కు పత్తి చేన్లు మునిగినయి. కాళేశ్వరం బ్యారేజీల వెనుక నీళ్లే ముంచినయని రైతులు ఇప్పటికీ అంటరు. అప్పటికి నాకు టెన్త్ ఫలితాలొచ్చి రెండు వారాలే. ఇండ్లల్లకు నీళ్లొచ్చి బడిల తలదాచుకున్నోళ్ల దగ్గరికి మా యూత్ బియ్యం సంచులు మోసినం. లైన్ల నిలబడ్డోళ్లల్ల నాయనమ్మ చుట్టాలు కూడా ఉన్నరు, దేవర కొలుపు చేసేటోళ్లు. "ఏ దేవుని బియ్యం బిడ్డా ఇవి?" అని ఒక తాత నవ్వుకుంట అడిగిండు. "కంట్రోల్ బియ్యమే తాతా" అన్న. నిజంగనే అవి కంట్రోల్ బియ్యమే.

ఆ యేడే ఇంటర్‌ల చేరేటప్పుడు క్యాస్ట్ సర్టిఫికెట్‌కు పోతే, ఒక ఆఫీసుల సారు నా పేరు చూసి "క్రిస్టియన్ అయితే బీసీ-సీ రావాలె, ఎస్టీ ఎట్ల వస్తది" అన్నడు. బాపు నోరు మెదపలే. తెలియక అన్నడో, తెలిసే అన్నడో. బీసీ-సీ మన రాష్ట్రంల ఎస్సీల నుంచి క్రైస్తవులైనోళ్లకు. దానికి కారణం 1950 నాటి ఎస్సీ ఉత్తర్వుల మూడో పేరా. మొదట్ల హిందువులకే అన్నరు, 1956ల సిక్కులను, 1990ల బౌద్ధులను కలిపిండ్రు. క్రైస్తవ దళితులు ఇంకా బయటనే ఉన్నరు, అది వాళ్లకు అన్యాయమే అని నేనంట. ఎస్టీ ఉత్తర్వు కూడా 1950దే, కానీ అందుల అసుంటి పేరా లేదు. మన జాబితాల గోండు, నాయకపోడు, రాజ్‌గోండు అని ఒకే వరుసల ఉంటది, మతం మాట ఎక్కడా రాదు.

ఇంకొకటుంది. 2004ల కేరళ ప్రభుత్వం, చంద్రమోహనన్ కేసుల సుప్రీంకోర్టు, మతం మారినంత మాత్రాన ఎస్టీ హోదా పోదని చెప్పింది. కానీ ఆ మనిషి ఇంకా తెగ ఆచారాలు పాటిస్తున్నడా, తెగ మనిషిగనే ఉన్నడా అనేది చూడాలె అన్నది. ఇక్కడ మా చర్చోళ్లతోని నాకు పంచాయితీ ఉంది. బయటి నుంచి వచ్చే కొందరు బోధకులు మనోళ్ల పెండ్లిళ్లకు, దినాలకు పోవద్దంటరు. నేను పోత. నాయనమ్మ కొలుపు రోజు ఇల్లు అలుకుత, నీళ్లు మోస్త, వంటకు కూసుంట. మొక్కుడు మాత్రం చెయ్య, అది ఆమెకూ తెలుసు. సర్టిఫికెట్ కోసం పోతున్ననని అనుకోకండి. చావు ఇంటికి పోకపోతే కోర్టు దాకా అక్కరలేదు, మనోళ్లే మనల్ని పక్కకు పెడ్తరు. పెట్టాలె కూడా.

ఇప్పుడు ఆదివారం ప్రార్థన అయినంక చర్చి ముందు వేపచెట్టు కింద కూసోని ఈపాస్ స్కాలర్‌షిప్ ఫారాలు, క్యాస్ట్, ఇన్‌కం సర్టిఫికెట్ల దరఖాస్తులు నింపుతున్నం. వచ్చేటోళ్లల్ల సగం మంది చర్చికి రానోళ్లే. నాయనమ్మ లోపలికి రాదు గానీ చెట్టు కిందికి వస్తది. వచ్చిన ప్రతి పిల్లగాన్ని "మీ తాత పేరేంది, మీ ఇంటిపేరేంది" అని అడిగి చుట్టరికం తీస్తది. ఫారం కంటే దానికే ఎక్కువ సేపు పడ్తది.

కోటపల్లి, వేమనపల్లి దిక్కు నుంచి ఎవరన్న రావాలనుకుంటే ఆధార్, టెన్త్ మెమో, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సులు తెచ్చుకోండి. మెమోల పేరు, ఆధార్‌ల పేరు ఒక్కటే ఉన్నదా ముందే చూసుకోండి, ఎక్కువ ఫారాలు అక్కడనే ఆగుతున్నయి. ఒంటిగంట దాటితే నేను చేనుకు పోత, జర తొందరగా రండి.