ఆ ఫిబ్రవరిలో మా పెరటి పామ్

2021 ఫిబ్రవరి 15, సోమవారం. తెల్లారకముందే కరెంటు పోయింది. టెక్సస్‌లో, డాలస్‌కి ఉత్తరాన మా ఇల్లు. హీటర్ ఆగి, పొద్దెక్కేసరికి నోరు తెరిస్తే ఆవిరి వస్తోంది. పిల్లల్ని మా మంచం మీదే పడుకోబెట్టి ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పాం. అలాంటి పూట పెరట్లోని విండ్‌మిల్ పామ్ ఎవరికి గుర్తొస్తుంది? నాకొచ్చింది. మా ఆవిడ ఏమంటుందోనని నోరెత్తలేదు.

దాని ఏర్పాట్లు ముందే చేశాను. చెట్టు మొదలు చుట్టూ గడ్డి పరిచి, మట్టలన్నీ పైకి దగ్గరగా లాగి తాడుతో కట్టి, మానుకి పాతరకం క్రిస్మస్ బల్బుల తీగ చుట్టి, పైన గుడ్డ కప్పాను. ఎల్‌ఈడీలు వేడెక్కవు, అందుకే పాతవి వెతికి తెచ్చింది. తీరా అసలు చలికి వాటికి కరెంటే లేదు. మంగళవారం పొద్దున విమానాశ్రయం దగ్గర మైనస్ 2 ఫారెన్‌హీట్, అంటే మైనస్ 19 సెల్సియస్. ఈ చైనా జాతి చెట్టు మైనస్ 12, 13 దాకా ఓర్చుకుంటుందని నర్సరీలో చెప్పారు.

గోడలో పైపు పగిలింది, పైకప్పు తడిసింది. ఆ గోల అందరికీ తెలిసిందే.

మార్చికల్లా మట్టలన్నీ ఎండిపోయాయి. మొవ్వాకు పట్టుకుని మెల్లగా లాగితే మొదలంటా ఊడి చేతిలోకొచ్చింది. అడుగు గోధుమరంగులో జిగురు జిగురుగా ఉంది, కంపు కొడుతోంది. కోనసీమలో ఉన్న నాన్నకి వీడియోలో చూపించాను.

"మొవ్వు కుళ్లురా అబ్బాయ్. మనకి వానకొస్తుంది, మీకు మంచుకొచ్చిందా! కుళ్లినంత మేరా తీసేసి బోర్డో పెట్టు. లోపల నీళ్లు నిలవనివ్వకు."

మామిడైతే ఎక్కడో పక్కన చిగురేస్తుంది. తాటిజాతికి ఆ సౌకర్యం లేదు. ఉన్నది ఒక్కటే మొవ్వు, అది పోతే చెట్టు పోయినట్టే. చెంచాతో కుళ్లు గోకి, హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే బుసబుసా పొంగింది. ఆరాక నాన్న చెప్పిన రాగి మందు, పది రోజులాగి మళ్లీ రాగి మందు. వానొస్తే పైన బకెట్ బోర్లించేవాణ్ణి. ఎరువు జోలికి పోలేదు.

వీధిలో ఎత్తుగా పెరిగిన మెక్సికన్ పామ్‌లన్నీ చచ్చాయి. నరికేవాళ్లు లారీ వేసుకొచ్చి, పనిలో పనిగా మాదీ తక్కువకే కొట్టేస్తామన్నారు. కాడల్లో ఇంకా జానెడు పచ్చదనం ఉంది. కొట్టనివ్వలేదు.

జూన్‌లో ఆకు వచ్చింది. సగమే ఉంది, కొసలు మాడి, మడతలు విప్పుకోలేక నలిగిన గొడుగులా. ఆ తర్వాతవి నయం. మాను మాత్రం ఆ దెబ్బ తగిలిన మేర సన్నబడి నొక్కుకుపోయింది. అది ఇక పూడదు, తాటిజాతి మానుకి గాయం మానే గుణం లేదు.

ఈమధ్య దాని పక్కన సబాల్ మైనర్ నాటాను. ఓక్లహోమా ఆగ్నేయ మూలన అదంతటదే పెరిగే పొట్టి పామ్ అది. మా ఆవిడ జనరేటర్ కొనిపించింది. దాని వైరు పెరటిదాకా రాదని ముందే చెప్పేసింది.