రాత్రి ఎక్కడ పడుకున్నాడు?

వైద్యవృత్తిలో ప్రవేశించిన తొలి యేండ్లలో, కృష్ణాడెల్టాలోని యొక చిన్న ఆస్పత్రిలో పనిచేయుచుండగా, నాట్లకాలపు ముసురులో నేను చేసిన పొరపాటొకటి నన్ను నేటికిని విడిచిపెట్టలేదు.

తెల్లవారుజామున నాలుగు గంటలకు, కడుపునొప్పితో మెలికలు తిరుగుచున్న యొక వ్యవసాయకూలీని భార్యయు బావమరదియు మోసికొని వచ్చిరి. పొట్ట నొక్కి చూచితిని. గట్టిదనము లేదు, జ్వరము లేదు. రాత్రి తిన్న చేపలపులుసుపై నింద మోపి, ఒక సూదిమందు వేయించి నిశ్చింతగా కూర్చుంటిని. గంటకు భార్య వచ్చి, "కళ్ళు మూతలు పడిపోతున్నాయండీ డాక్టరుగారూ" అన్నది. "రాత్రంతా నిద్ర లేదు కదమ్మా, పడుకోనీ" అని, కేసుషీటులో "నొప్పి తగ్గినది, నిద్రించుచున్నాడు" అని వ్రాసితిని. మనసుకు నచ్చిన రోగనిర్ణయమంత మత్తుమందు మా బీరువాలో మరొకటి లేదు.

మరొక గంటకు నర్సు పిలువగా వెళ్ళితిని. నిద్రించువాడు పిలిచిన కన్ను తెరచును. ఇతడు తెరవజాలక, నొసలు ముడిచి, తల వెనుకకు వాల్చి, రెప్పల సందునుండి నన్ను చూచుచుండెను. ఉమ్మి మింగలేక పెదవి చివరనుండి కారుచుండెను. మాట ముక్కుతో వచ్చుచుండెను. అప్పుడుగాని "రాత్రి ఎక్కడ పడుకున్నాడమ్మా?" అని నేనడుగలేదు.

"కిందేనండీ, చాపమీద."

కట్లపాము, పడగవిప్పి బుసకొట్టు నాగుపామువలెగాక, నేలపై నిద్రించువానిని అర్ధరాత్రి చప్పుడులేక కరచిపోవును. వాపుండదు, మంటయుండదు, గాటు సైతము తరచుగా కానరాదు. కడుపునొప్పియు, ఆపై రెప్పలు వాలుటయు దాని జాడలు. దాని విషము నరముల కొసలనే చెరచును గనుక, చచ్చుబడిన కండరమును విషహరమందు వెంటనే లేపజాలదు. ఆ కొసలు మరల కోలుకొనువరకు రోగికి మనమే ఊపిరి పోయవలెను. ఇదంతయు పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకొన్నవాడనే!

ఉన్న పది సీసాల మందును ఎక్కించి, పట్నమునకు పోవు కారులో దారిపొడుగునా గాలిసంచి చేతితో నొక్కుచు కూర్చుంటిని. ఆరు దినములు యంత్రముపై నుండి అతడు బ్రతికెను. అది నా ప్రతిభ కాదు.

పొరపాటు నాదేనని అతని భార్యతో చెప్పితిని. ఆమె కొంతసేపు ఊరకుండి, "నే చెప్పానుగా అండీ" అన్నది. అంతకుమించి ఒక్కమాటయు అనలేదు.

నాటినుండి వేకువనే కడుపునొప్పితో వచ్చినవారి పొట్టపై చేయి వేయకమునుపే ఆ ప్రశ్న అడుగుచున్నాను. దానివలన మూడు కట్లపాము కాట్లు సకాలమున పట్టుబడినవి. మూడవవాని రెప్పలు వాలుచున్నవని మొదట కనిపెట్టినది నేను కాదు, వాని తల్లి.