తేలడం, తేల్చుకోవడం

తెలుగులో ‘అనుకొను’ అనే క్రియ మోసే బరువు సామాన్యమైనది కాదు. మనస్సులో మెదిలిన తొలి ఊహ మొదలుకొని, ఇక మారదని గట్టి చేసుకొన్న నిశ్చయం వరకు అన్నింటికీ ఆ ఒక్క మాటే సరిపోతుంది. ‘ఇంజనీరింగు చదవాలనుకొంటున్నాను’ అని ఒక విద్యార్థి అన్నప్పుడు అది నిన్న రాత్రి పుట్టిన కోరికో, ఏడాదిగా పెంచుకొన్న పట్టుదలో వాక్యం చెప్పదు. పలికిన తీరు చెబుతుంది. వినేవారికి అతనితో ఉన్న చనువు చెబుతుంది. ఈ వెసులుబాటుకు అలవాటుపడినవారు ఆంగ్లంలో మాట్లాడవలసి వచ్చినప్పుడు తడబడడంలో వింత లేదు.

‘ఐ థాట్ టు జాయిన్’ అనే వాక్యం తరగతి గదులలో తరచుగా వినిపిస్తుంది. అందులోని లోపం వ్యాకరణానికి సంబంధించినది మాత్రమే కాదు. ‘అనుకొన్నాను’ అనే మాటను ఉన్నదున్నట్లు ‘థాట్’గా మార్చడం వల్ల వక్త ఏ మెట్టు మీద నిలిచి ఉన్నాడో ఎదుటివారికి తెలియదు. ఊహ మాత్రమే ఉంటే ‘ఐ యామ్ థింకింగ్ ఆఫ్ జాయినింగ్’ అనాలి. మంచిచెడులు బేరీజు వేసుకొంటూ ఉంటే ‘ఐ యామ్ కన్సిడరింగ్ ఇట్’ అనాలి. మనస్సు రెండు వైపులా లాగుతున్నప్పుడు ‘ఐ యామ్ ఇన్ టూ మైండ్స్’ అంటారు. ఇక తిరుగు లేదనుకొన్నప్పుడు ‘ఐ హావ్ డిసైడెడ్’ అనో, ‘ఐ హావ్ మేడ్ అప్ మై మైండ్’ అనో అంటారు. అంతేకాదు, తెలుగులో ‘నేను వెళ్తాను’ అనే మాట ఒక్కటే. ఆంగ్లంలో మాట్లాడుతున్న ఆ క్షణంలోనే నిశ్చయించుకొంటే ‘ఐ విల్ గో’ అనడం, ముందే నిశ్చయించుకొని ఉంటే ‘ఐ యామ్ గోయింగ్ టు గో’ అనడం వాడుక. నిర్ణయం ఎప్పుడు పుట్టిందో కూడా ఆ భాష క్రియలోనే చెప్పిస్తుంది. ‘మేక్ ఎ డిసిషన్’ అనాలా, ‘టేక్ ఎ డిసిషన్’ అనాలా అని విద్యార్థులు వాదించుకోవడం కద్దు. రెండూ ఒప్పే. మొదటిది అమెరికాలో ఎక్కువ, రెండవది బ్రిటన్‌లోనూ మన దేశంలోనూ వినిపిస్తుంది. దాని గురించి మనస్సు పాడు చేసుకోనవసరం లేదు.

ఈ మాటల మూలాలను తరచి చూస్తే రెండు భాషలూ అంత దూరమైనవేమీ కావనిపిస్తుంది. ‘డిసైడ్’ అనే పదం లాటిన్ నుంచి వచ్చింది. దాని మూలార్థం కోసివేయడం. అనేక మార్గాలలో ఒకదానిని ఉంచుకొని తక్కినవాటిని తెంచివేయడమే నిర్ణయమని ఆ జాతి భావించింది. మన పల్లెలలో ‘బేరం తెగింది’ అంటారు. తీరని తగవును ‘తెగని తగవు’ అంటారు. లాటిన్ వాసన కూడా సోకని సంతలో అదే కత్తి పనిచేస్తున్నది. ‘డిటర్మిన్’లో ఉన్నది ‘టెర్మినస్’, అనగా హద్దు. రైలు స్టేషన్ల పేర్లలో మనకు పరిచయమైన పదమే అది. సంస్కృతంలోని ‘నిర్ణయం’లో ‘నీ’ ధాతువు ఉంది. వెలుపలికి నడిపించుకొని రావడమని దాని భావం. అచ్చతెలుగులో ‘తేల్చుకొను’ అంటాం. మడుగు అడుగున ఉన్న వస్తువు పైకి తేలి కంటికి కనిపించినట్లు, మనస్సు అడుగున ఉన్నది స్పష్టం కావడమే తేలడం. మాటలలో ఇంత చక్కని మాట అరుదు.

ఆ మాటే ఒక ఇంటిలో చిక్కు తెచ్చింది. ఐఐటీలు, ఎన్‌ఐటీల వంటి విద్యాసంస్థలలో సీట్లను 2015 నుంచి ఉమ్మడిగా కేటాయిస్తున్నారు. సీటు వచ్చిన విద్యార్థి మూడు ఆంగ్లపదాలలో ఒకదానిని ఎంచుకోవాలి. ‘ఫ్రీజ్’ అంటే ఇదే చాలు, ఇక మార్పు వద్దు అని అర్థం. ‘ఫ్లోట్’ అంటే ఈ సీటును అంగీకరిస్తున్నాను, జాబితాలో ఇంతకంటె పైన కోరినది ఏ సంస్థలో దొరికినా మారతాను అని అర్థం. ‘స్లైడ్’ అంటే ఇదే సంస్థలో పైన కోరిన శాఖ దొరికితే మారతాను అని. ‘ఫ్లోట్’ ఎంచుకొన్నంత మాత్రాన వచ్చిన సీటు పోదు. మరింత మేలైనది దక్కినప్పుడే పాతది విడిచిపోతుంది. విచిత్రమేమంటే, తెలుగులో తేలితే నిర్ణయం పూర్తయినట్లు. ఈ ఫ్లోట్‌లో తేలుతూ ఉంటే ఇంకా పూర్తి కానట్లు.

ప్రకాశం జిల్లాలోని ఒక రైతు కుటుంబంలోని అమ్మాయికి దూరపు ఎన్‌ఐటీలో సీటు వచ్చింది. శాఖ మాత్రం ఆమె కోరుకొన్నది కాదు. తండ్రి, మేనమామ, ఆమె పట్నంలోని నెట్ సెంటరుకు వెళ్లారు. మేనమామ తెర వంక చూచి, “ఫ్లోట్ అంటే తేలిపోవడమే గదా బావా! చేతికి వచ్చిన సీటును నీళ్లలో వదులుతామా?” అన్నాడు. నిఘంటువు ప్రకారం ఆయన చెప్పినది తప్పు కాదు. తండ్రి కూతురి వైపు తిరిగి, “ఏమ్మా, నువ్వేమంటావు?” అని అడిగాడు. ఆమె నియమావళిని రెండుసార్లు చదివింది. ఆ మూడు పదాల అర్థాలూ నోటు పుస్తకంలో రాసుకొంది. అయినా “మీ ఇష్టం నాన్నా” అంది. ‘ఫ్రీజ్’ మీద మీట నొక్కారు. తరువాతి విడతలో ఆమె కోరిన శాఖ ఆమెకంటె వెనుక ర్యాంకు వచ్చినవారికి దక్కింది.

‘మీ ఇష్టం’ అనే మాటను ఆంగ్లంలోకి తేవడం కష్టం. పెద్దల మీద గౌరవంతో అంటే ‘వాటెవర్ యూ థింక్ బెస్ట్’ అవుతుంది. నిజంగానే నిర్ణయాన్ని ఎదుటివారికి అప్పగిస్తే ‘ఇట్స్ అప్ టు యూ’ అవుతుంది. విసుగుతో అంటే ‘సూట్ యువర్‌సెల్ఫ్’. ఈ చివరి మాటను పెద్దల ముందు వాడడం అమర్యాద. తెలుగులో ఈ మూడింటికీ ఒక్కటే మాట, భేదమంతా గొంతులో ఉంటుంది. ఆనాడు ఆ అమ్మాయి గొంతులో ఉన్నది మొదటిదా, మూడవదా అన్నది తండ్రికి అంతుపట్టలేదు. ఆమెకు కావలసిన మాట ఆంగ్లంలో ‘ఐ వుడ్ రాదర్’. ‘ఐ వుడ్ రాదర్ ఫ్లోట్’ అంటే ధిక్కారం కాదు, మొగ్గు తెలపడం. తెలుగులో అది లేకపోలేదు. ‘నాకైతే ఆగడమే మేలనిపిస్తోంది నాన్నా’ అంటే చాలు.

ఒక్క దారే చూపి ఎంచుకోమనడాన్ని ఆంగ్లంలో ‘హాబ్సన్స్ చాయిస్’ అంటారు. టామస్ హాబ్సన్ (1544–1631) కేంబ్రిడ్జిలో గుర్రాలను అద్దెకిచ్చేవాడు. అందరూ మేలుజాతి గుర్రాలనే అడిగి వాటిని అలసటపాలు చేస్తున్నారని, తలుపు దగ్గర కట్టి ఉన్నదానినే తీసుకోవాలి, లేకుంటే లేదు అని నియమం పెట్టాడు. రెండు కష్టాలలో ఒకటి ఎంచుకోవడమని కొందరు ఈ పలుకుబడిని పొరపాటుగా వాడతారు; అసలు ఎంపికే లేకపోవడం దీని అర్థం. ఎంపీసీలోనో బైపీసీలోనో చేరిన వారిలో ఎందరు తలుపు దగ్గరి గుర్రాన్ని ఎక్కారో వారికే తెలియాలి. అయితే నెట్ సెంటరులో ఆ అమ్మాయి ముందు ఉన్నవి మూడు గుర్రాలు.

మరొక మాట ‘చూద్దాం’. మన ఇళ్లలో అది సగం కాదనడం, సగం వాయిదా. ఇచ్చినవారూ పుచ్చుకొన్నవారూ ఆ సంగతి ఎరుగుదురు. ఉద్యోగ వ్యవహారాలలో దానిని ‘వి విల్ సీ’ అంటే నిర్లక్ష్యంగా తోస్తుంది. ‘లెట్ మి థింక్ ఇట్ ఓవర్’ అనాలి. ఎప్పటిలోగా చెబుతారో కూడా చెప్పాలి. గడువు లేని ఆలోచనను అక్కడ ఆలోచనగా లెక్కించరు.

ఆ అమ్మాయి నాలుగవ సంవత్సరంలో ఉండగా కళాశాలకే వచ్చిన ఒక సంస్థ ఉద్యోగం ఇస్తామంది. పని వేరే రాష్ట్రంలో. ఆమె తడుముకోకుండా, “కెన్ ఐ హావ్ అంటిల్ ఫ్రైడే టు డిసైడ్?” అని అడిగింది. వారు ఒప్పుకొన్నారు. సాయంత్రం ఇంటికి ఫోను చేసి, “శుక్రవారంలోగా చెప్పాలి నాన్నా. నాకైతే వెళ్లాలనే ఉంది. మీరేమంటారు?” అంది.

తండ్రి కొంచెం సేపు ఆగి, “చూద్దాం లేమ్మా” అన్నాడు.

“శుక్రవారంలోగా చూడాలి నాన్నా” అంది ఆమె.