సైడింగ్ వెనక గోడ

అమెరికాలో సొంతిల్లు ఉన్నవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు బయటి గోడల ఖర్చు తప్పదు. మన ఊళ్లో లాగా ఇటుక పేర్చి, సిమెంటు పూసి, రంగు వేసిన గోడలు కావివి. కర్ర చట్రానికి ఓఎస్‌బీ (చెక్క పేళ్లని జిగురుతో అదిమిన) పలకలు కొట్టి, వాటికి వానా ఎండా తగలకుండా పైన సైడింగ్ తొడుగుతారు. 2024 వేసవిలో మా ఇంటి పాత సైడింగ్ పీకించి వినైల్ వేయించాం. కిటికీల చుట్టూ, మూలల్లో ఉండే ట్రిమ్ కూడా మార్పించాం. మొత్తం 22,700 డాలర్ల దాకా అయింది. మా ఇంట్లో జమాఖర్చులు చూసేది నేనే. ఆ డబ్బు ఎక్కణ్ణుంచి తీశాం, ఎక్కడ పెట్టాం, ఎక్కడ పెట్టకుండా ఆపుకున్నాం అన్నది మాలాగే గ్రీన్ కార్డు వరసలో నిలబడ్డ కుటుంబాలకి అక్కరకొస్తుందని రాస్తున్నాను.

మాది ఒహాయోలో కొలంబస్‌కి ఉత్తరాన ఉన్న సబర్బ్. తొంభైల చివర్లో కట్టిన ఇల్లు. ముందు వైపు ఇటుక, మిగతా మూడు వైపులా హార్డ్‌బోర్డ్ సైడింగ్. చెక్కపీచుని వేడి మీద అదిమి చేసిన పలక అది. రంగు పగలనంత కాలం దానికేం ఢోకా ఉండదు. కింది అంచున రంగు చిట్లిందా, ఆ చీలికలోంచి నీరు పీల్చుకుని ఉబ్బడం మొదలుపెడుతుంది. మా వెనక గోడ మీద కింది వరసలన్నీ అంచులు పొంగి, పొరలు పొరలుగా విడిపోతున్నాయి. మళ్లీ రంగు కొట్టిస్తే నాలుగైదు వేలతో పోతుంది. కానీ ఉబ్బిన పలక రంగుతో మళ్లీ చదునవదు, రెండు చలికాలాలు గడిస్తే కథ మొదటికొస్తుంది.

ఈ ఖర్చు గురించి స్నేహితుల దగ్గర కదిపితే రెండు రకాల సలహాలొచ్చాయి. కార్డు రాకుండా ఇంటి మీద అంత పొయ్యొద్దని కొందరన్నారు. అమ్మేటప్పుడు తిరిగొచ్చేస్తుంది, కానివ్వమని కొందరన్నారు. నాకు రెండూ సమ్మతం కాలేదు. తిరిగొస్తుందనే వాళ్లు సాధారణంగా చూపించేది ఇళ్ల మెరుగుదల ఖర్చుల మీద ఏటా వచ్చే కాస్ట్ వర్సెస్ వాల్యూ నివేదిక. అందులో వినైల్ సైడింగ్‌కి 2023లో ఖర్చులో 95 శాతం దాకా తిరిగొస్తుందని వేశారు. 2024కి వచ్చేసరికి అది 80 శాతం దగ్గరికి దిగింది. ఒకే పని, ఏడాదిలో అంత తేడా. పైగా 80 శాతం వస్తుందంటే వంద పెట్టి ఎనభై తీసుకోవడమే కదా. అందులో లాభం ఎక్కడుంది? నేను రీసేల్ అన్న మాటని లెక్కలోంచే తీసేశాను. కార్డు వచ్చేదాకా ఆగుదామన్న మాట కూడా నిలబడదు. భారత్‌లో పుట్టినవాళ్ల వరస ఎంత పొడుగో అందరికీ తెలుసు. ఉబ్బిన పలక వెనకున్న గోడ మా వీసా తేలేదాకా తడవకుండా ఆగదు.

అయితే వీసా సంగతి వేరే చోట లెక్కలోకి వచ్చింది. మా వారిది హెచ్‌1బీ, నేను చేసే ఉద్యోగం హెచ్‌4 ఈఏడీ మీద. ఆయన ఉద్యోగం పోతే ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి 60 రోజులు గడువు. ఆ గడువులో ఏమీ కుదరకపోతే నా పని అనుమతి కూడా ఆయన వీసాతోపాటే పోతుంది. బయటికి రెండు జీతాల ఇల్లులా కనపడతాం గానీ దెబ్బ తగిలితే రెండింటికీ ఒకేసారి తగులుతుంది. అందుకే అత్యవసర నిధిగా ఎనిమిది నెలల ఖర్చు పక్కన పెట్టుకున్నాం. ఇల్లు బాగుచేసుకోవడానికైనా దాన్ని ముట్టుకోకూడదన్నది మా మొదటి నిర్ణయం. మిగతావన్నీ దాన్నిబట్టి నడిచాయి.

వినైల్‌కి బదులు ఫైబర్ సిమెంట్ సైడింగ్ మీద మాకు మనసు పడలేదని కాదు. నిప్పుకి కాలదు, వడగళ్లకి అంత తొందరగా పగలదు, చూపుకి నిండుగా ఉంటుంది. మా కొలతకి దాని ఎస్టిమేట్ 36,000 పలికింది. వినైల్ 19,200. ఆ తేడా మా ఇంటి మూడు నెలల ఖర్చు. పైగా ఫైబర్ సిమెంట్‌కి పదీ పదిహేనేళ్లకోసారి రంగు వేయించక తప్పదు. కాలిఫోర్నియా కొండల్లో కార్చిచ్చు భయం మధ్య ఉండి ఉంటే ఆ తేడా పెట్టేవాళ్లం, వినైల్ జోలికే పోయేవాళ్లం కాదు. కొలంబస్‌లో దానికి అంత అవసరం కనపడలేదు.

తెనాలి నుంచి నాన్న ఫోన్‌లో విని ఆశ్చర్యపోయారు.

“గోడకి ప్లాస్టిక్ తొడుగేంటమ్మా? ఎండకి కరగదూ?”

“మామూలు ఎండకి కరగదు నాన్నా. దగ్గర్లో నిప్పుంటేనే ప్రమాదం.”

ఆయన అడిగింది సరైన ప్రశ్నే. వినైల్ అంటే పీవీసీ. 1950ల చివర్లో ఇదే కొలంబస్‌లో ఒక ఫ్యాక్టరీ మొదటగా సైడింగ్ రూపంలో తయారుచేసింది. 160 ఫారెన్‌హీట్ దాటితే మెత్తబడుతుంది. గోడకి ఆనించి బార్బెక్యూ గ్రిల్ పెట్టినా, పక్కింటి కిటికీకున్న, వేడిని తిప్పికొట్టే లో-ఈ గాజు మీంచి ఎండ తిరగబడి ఒకేచోట పడినా వంకర్లు పోతుంది. మామూలు ఎండకి కరగదు గానీ సాగుతుంది. పన్నెండడుగుల పలక చలికాలానికీ ఎండాకాలానికీ మధ్య అర అంగుళం దాకా జరుగుతుంది. అందుకే మేకుని పలకలోకి బిగదీసి కొట్టకూడదు. పొడుగాటి చిల్లు మధ్యలో కొట్టి, మేకు తలకీ పలకకీ నడుమ సన్నని సందు వదలాలి. పనివాళ్లు ఒక్కో వరస వేయగానే పలకని రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ జరిపి చూశారు. కదిలితే సరిగా పడినట్టు. కదలకపోతే ఆ వేసవిలోనే అలలు తేలుతుంది.

ఇంకో సంగతి ఇంటి యజమానులు చాలామంది పట్టించుకోరు. వినైల్ నీటిని పూర్తిగా ఆపదు, ఆపడానికి చేసిందీ కాదు. అతుకుల్లోంచి నీళ్లు లోపలికి వెళ్తాయి. పలక అడుగున చిన్న చిల్లులు పెట్టేది ఆ నీరు బయటికి కారిపోవడానికే. నిజంగా నీటిని ఆపేది వెనకుండే హౌస్‌ర్యాప్, కిటికీల చుట్టూ అంటించే ఫ్లాషింగ్ టేపు, కప్పు గోడని తాకే చోట పెట్టే రేకులు. ఇవి పని పూర్తయ్యాక ఎవరికీ కనపడవు. కనపడవు కాబట్టే చౌక ఎస్టిమేట్లలో కోత పడేది వీటికే. పైన పటారం, లోన లొటారం. నా డబ్బు ఆ లోపలి దానికి పోవాలని పట్టుబట్టాను. ఎస్టిమేట్లు తీసుకున్నప్పుడు మొత్తాలు పోల్చడం మానేసి ఒక్కో వరుసా విడగొట్టి రాసివ్వమన్నాను. సైడింగ్ వాళ్ల కొలత స్క్వేర్, అంటే వంద చదరపు అడుగులు. మాది 22 స్క్వేర్లు. స్క్వేరుకి ఎంత, పలక మందం ఎంత, పాతది పీకడానికి ఎంత, కిటికీకి ఎంత టేపు అని అడిగితే జవాబు చెప్పగలిగినవాళ్లు ఎవరో, తడుముకున్నవాళ్లు ఎవరో ఇట్టే తెలిసిపోయింది. మందం కనీసం 0.035 అంగుళం ఉండాలన్నది ప్రమాణం. కొత్త కాలనీల్లో బిల్డర్లు సాధారణంగా 0.040 వేస్తారు. మేం 0.044 తీసుకున్నాం. ఇంకా మందంగా, వెనక ఫోమ్ అంటించినది కూడా ఉంది. దాని ధరకి తగ్గ ఆదా మా కరెంటు, గ్యాసు బిల్లుల్లో నాకు లెక్క తేలలేదు.

ట్రిమ్ దగ్గర మాత్రం చెయ్యి వదిలాను. పాత కర్ర ట్రిమ్ మీద అల్యూమినియం రేకు వంచి తొడిగేయడం ఇక్కడి వాడుక. పనివాళ్లు డ్రైవ్‌వేలో వంపుడు బల్ల వేసుకుని కిటికీకి తగ్గట్టు చకచకా మడిచేస్తారు. బయటికి కొత్తగా మెరుస్తుంది. లోపల కర్ర పుచ్చి ఉంటే ఆ రేకు తేమని బంధించి ఇంకా పుచ్చేలా చేస్తుంది. మా వెనక కిటికీల కింద స్క్రూడ్రైవర్ మొన ఆనిస్తే కర్రలోకి దిగిపోయింది. అక్కడ పాతది తీసేసి పీవీసీ బోర్డు పెట్టమన్నాను. దానికి అదనంగా 2,600 పడింది. ఈ మొత్తం పనిలో నాకు అన్నిటికన్నా తృప్తినిచ్చిన డబ్బు అదే.

గరాజ్ కప్పు ఇంటి గోడకి కలిసే మూల చూడాలి. అక్కడ కప్పు మీంచి జారిన నీటిని గట్టర్‌లోకి తన్నడానికి కిక్‌అవుట్ ఫ్లాషింగ్ అని ఒక వంకర రేకు ఉండాలి. అరచేతిలో పట్టేంత ముక్క, పెద్ద ధరేమీ కాదు. ఇల్లు కట్టినప్పుడు అది పెట్టనేలేదు. పాతికేళ్లుగా ప్రతి వానకీ నీరు ఆ మూలనే గోడ లోపలికి దిగింది. సైడింగ్ పీకాక చూస్తే ఓఎస్‌బీ నల్లబడి, చేత్తో తీస్తే తడిసిన అటుకుల్లా ఊడొచ్చింది. ఇలాంటి చోటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. గోడ విప్పేసి ఉంటుంది, రాత్రికి వాన సూచన ఉంటుంది, కాంట్రాక్టరు ఎంతంటే అంతకి తలూపాలి. అందుకని సంతకం పెట్టేముందే కాంట్రాక్టులో ఒక వాక్యం రాయించాను: పాడైన నాలుగు బై ఎనిమిది పలక మార్చడానికి 95 డాలర్లు, తీసేముందు ఫొటో, నా ఒప్పుకోలు. తొమ్మిది పలకలు మారాయి. 855 డాలర్లు, బేరానికి తావే లేదు.

ఇక డబ్బు ఎక్కణ్ణుంచి అంటారా. ఇంటికొచ్చిన ఒక సేల్స్ మనిషి మొదట 31,000 చెప్పి, ఈ రాత్రే సంతకం పెడితే 24,000 అన్నాడు. పద్దెనిమిది నెలలు వడ్డీ లేదన్నాడు. కాగితం వెనక్కి తిప్పి చదివితే, గడువులోగా మొత్తం తీర్చకపోతే మొదటి రోజునుంచీ పాతిక శాతం పైన వడ్డీ పడుతుందని ఉంది. వడ్డీ లేని అప్పు ఊరికే రాదు. అప్పిచ్చే సంస్థకి కాంట్రాక్టరు ఫీజు కడతాడు, అది మన ధరలో కలిసే ఉంటుంది. నగదుకైతే ఎంత అని అడిగితే తగ్గేది అందుకే. ఇలా ఇంట్లో కూర్చుని సంతకం పెట్టినవాళ్లకి ఫెడరల్ నిబంధన ప్రకారం మూడు పనిదినాల్లో రద్దు చేసుకునే హక్కుందని తెలియనివాళ్లు మనవాళ్లలో చాలామంది ఉన్నారు. దయచేసి గుర్తుపెట్టుకోండి.

ఇంటి మీద హెలాక్ (ఇంటి విలువ తాకట్టుగా ఇచ్చే అప్పు) తీసుకుందామంటే ఆ ఏడు 9 శాతం పైన చెప్పారు. క్యాష్-అవుట్ రీఫైనాన్స్ అంటే 2021లో దొరికిన 2.75 శాతం అప్పుని వదులుకుని 7 దగ్గరికి ఎక్కడం. ఆ ఆలోచనకి గడప దగ్గరే సెలవు చెప్పాను. ఇంటి బాగుకి తీసిన హెలాక్ వడ్డీకి పన్ను మినహాయింపు ఉందని గుర్తుచేసినవాళ్లున్నారు. ఉంది గానీ, విడివిడిగా ఖర్చులు చూపించేవాళ్లకే. 2024లో దంపతులకి స్టాండర్డ్ డిడక్షన్ 29,200. మా వడ్డీలూ పన్నులూ కలిపినా దానికి దరిదాపుల్లో లేవు. పొదుపులో ఉన్న డబ్బు అప్పట్లో మనీ మార్కెట్‌లో 5 శాతం ఇచ్చేది, దాని మీద పన్నూ ఉంది. 9 కట్టి 5 సంపాదించడం నాకు సబబుగా తోచలేదు. అత్యవసర నిధి కాకుండా రెండేళ్లుగా ఇంటి పేరున వేసుకున్న డబ్బుతోనే పని కానిచ్చాం. మెటీరియల్ దిగాక మూడో వంతు, రెండు గోడలయ్యాక మూడో వంతు, మిగిలింది పని ముగిసి, మెటీరియల్ సప్లయరు నుంచి లీన్ వేవర్ (బాకీ పేరుతో ఇంటి మీద హక్కు కోరబోమని రాసిచ్చే కాగితం) చేతికొచ్చాక ఇచ్చాం. ఒహాయోలో సైడింగ్ పనికి రాష్ట్ర లైసెన్సు లేదు కాబట్టి బీమా పత్రం నేరుగా ఏజెంటు దగ్గరే తెప్పించుకున్నాం. వర్కర్స్ కాంపెన్సేషన్ చెల్లుబాటులో ఉందో లేదో దాన్ని నడిపే రాష్ట్ర బ్యూరో (బీడబ్ల్యూసీ) సైట్‌లో చూసుకున్నాం.

బిల్లులన్నీ ఒక ఫైలులో ఉన్నాయి. కొత్త సైడింగ్‌ని ఐఆర్‌ఎస్ ఇంటి మెరుగుదల కిందే లెక్కిస్తుంది, ఆ మొత్తం ఇల్లు కొన్న ధరకి కలుస్తుంది. దంపతులకి అమ్మకం లాభంలో 5 లక్షల డాలర్ల దాకా పన్ను లేదు గానీ, దానికి గడిచిన అయిదేళ్లలో రెండేళ్లు ఆ ఇంట్లో ఉండి ఉండాలి. ఇల్లు అద్దెకిచ్చి ఇండియా వెళ్లిపోయి, ఏళ్ల తర్వాత అమ్మేవాళ్లకి ఆ అవకాశం చెయ్యిజారిపోతుంది. అప్పుడు ఈ బిల్లులే ఆదుకుంటాయి. మిగిలిన సైడింగ్ పెట్టె కూడా గరాజ్ అటక మీద దాచాం. రంగులు కొన్నేళ్లకి ఆగిపోతాయి. వడగళ్లకి ఒక గోడ దెబ్బతింటే, చూడ్డానికి సరిపోలేంత మేర మార్చాలని ఒహాయో బీమా నిబంధన చెబుతుంది. అయినా చిన్న పగులుకి క్లెయిమ్ వేయడం కన్నా మన దగ్గర పలక ఉండటం మేలు.

రూఫ్‌కి ఇంకో ఆరేడేళ్లు ఆయుష్షు ఉందని పనివాళ్లు ఎక్కి చూసి చెప్పారు. సైడింగ్ ఆఖరి చెక్కు ఇచ్చిన నెలనుంచే నెలకు 200 డాలర్లు రూఫ్ పేరున వేరే ఖాతాలో పడుతున్నాయి.