పాస్ పర్సంటేజీ ఎంత?

మా పెద్దమ్మాయిని హైదరాబాద్‌లో బీఆప్టమ్‌లో చేర్చిన రోజు కాలేజీవాళ్లను నేను అడిగింది ఒక్కటే: "పాస్ పర్సంటేజీ ఎంత?"

ఇప్పుడు చివరి ఏడాది ఇంటర్న్‌షిప్ చేస్తోంది. దసరాకు నారాయణఖేడ్ వచ్చింది. మన స్కూల్లో ఆరో తరగతి చదివే మా బాబు బోర్డు మీది లెక్కలు తప్పుగా ఎక్కించుకుంటున్నాడని నేను రోజూ కోప్పడుతున్నాను. అక్క గది చీకటి చేసి, రెటినోస్కోప్ వెలుగు వాడి కళ్లలో వేసి, అద్దాలు మార్చి మార్చి చూసింది.

"డాడీ, వీడికి శ్రద్ధ లేక కాదు. బోర్డు కనబడట్లేదు" అంది. సంగారెడ్డిలో కంటి డాక్టర్ కూడా అదే చెప్పి కళ్లద్దాలు రాశారు.

2021 వరకు ఈ వృత్తికి దేశమంతటా వర్తించే చట్టమే లేదు. ఆ ఏడాది పార్లమెంటు చేసిన చట్టం ఆప్టోమెట్రీని కూడా జాతీయ కమిషన్ కిందికి తెచ్చింది. రిజిస్ట్రేషన్‌కు, దేశమంతటికీ ఒకే ఎగ్జిట్ పరీక్షకు అందులో చోటిచ్చారు.

"ఆ పరీక్ష పెడితే పాసవుతావా?" అన్నాను భయంగా.

"పెట్టాలి డాడీ. తమ్ముడి కళ్లు చూసేవాళ్లకు పని వచ్చో లేదో ఎవరో ఒకరు చూడాలి కదా!"

ఇప్పుడు ఎవరైనా ఈ కోర్సు గురించి అడిగితే, ఇంటర్న్‌షిప్‌లో పిల్లలు ఎంతమంది కళ్లు చూస్తారో ముందు కనుక్కోమంటున్నాను. పాస్ పర్సంటేజీ ఆ తర్వాత.